ఇన్నోవాకు తరుగు ఎంత? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్ళకు ఏ ఏడు సీట్ల బండి సరిపోతుంది?

ఇరవై వేల ఫోన్ కొనడానికి మనం నెల రోజులు రీసెర్చ్ చేస్తాం. ప్రాసెసర్ ఏది, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, అప్‌డేట్స్ ఎన్నేళ్ళు ఇస్తారు అన్నీ చూస్తాం. అదే ఇంటికి ఇరవై ఆరు లక్షల బండి కొనాలంటే మాత్రం ఒక్క మాటతో తేల్చేస్తాం: "ఇన్నోవా తీసుకో అబ్బీ, కళ్ళు మూసుకుని తీసుకో."

కళ్ళు మూసుకుని కొనొద్దు అని చెప్పడానికే ఈ ఆర్టికల్. ఇన్నోవా చెడ్డ బండి కాదు, చాలా మంచి బండి. కానీ మంచి బండి వేరు, మన ఇంటికి సరిపోయే బండి వేరు. ప్రొద్దుటూరులో బంగారం అంగడికి పోయిన ఎవరైనా ముందు అడిగేది తరుగెంత, మజూరీ ఎంత అని. నగ డిజైన్ ఎంత బాగున్నా ఆ రెండూ తెలియకుండా డబ్బులు తీయరు. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు ఎక్కడ పోతుందో తెలియదు. ఈ రోజు ఆ తరుగు లెక్కే వేద్దాం.

ఈ లెక్క ఎక్కువ మందికి ఎందుకు అవసరమంటే, మన మూడు ఊళ్ళలోనూ ఇప్పుడు ఒకే రకం కొనుగోలు కనిపిస్తోంది. అబ్బాయికో అమ్మాయికో బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం. ఈఎంఐ వాళ్ళ జీతంలోంచి కట్ అవుతుంది. బండి మాత్రం ఊర్లో నాయన దగ్గర ఉంటుంది. ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్ళు కాకముందే నెలకు ఇరవై వేలు అదనంగా అయిదేళ్ళ పాటు పోతే, ఇంటి అడ్వాన్స్, చెల్లెలి చదువు, ఉద్యోగం మారే ధైర్యం అన్నీ వెనక్కి పోతాయి. అందుకే ఇది కార్ల లెక్కే కాదు, ఇంటి లెక్క కూడా.

ఇన్నోవాకు ఆ పేరు ఊరికే రాలేదు

సినిమాల్లో రాయలసీమ అంటే వరసగా సుమోలు రావాలి, దుమ్ము లేవాలి. ఆ టాటా సుమో 1994లో వచ్చింది. 2000లో టయోటా క్వాలిస్ దిగింది. చూడ్డానికి డబ్బాలాగే ఉండేది కానీ ఇంజిన్ మొండిది, రిపేర్లు తక్కువ. 2005లో క్వాలిస్ స్థానంలో ఇన్నోవా వచ్చింది, 2016లో ఇన్నోవా క్రిస్టా, 2022 నవంబరులో ఇన్నోవా హైక్రాస్. ఇరవై ఏళ్ళుగా పెళ్ళికైనా, తిరుమలకైనా, నాయకుల కాన్వాయ్‌కైనా ఇదే బండి. లక్షల కిలోమీటర్లు తిరిగిన ట్యాక్సీలు కళ్ళ ముందే కనిపిస్తాయి కాబట్టి నమ్మకం కలిగింది. ఆ నమ్మకం నిజమైనదే.

కానీ ఒక విషయం గమనించండి. ఆ పేరు తెచ్చింది రోజుకు మూడు వందల కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీలు. మన నాయన బండి ఇంటి నుంచి అంగడికి, వారానికోసారి తోటకి, నెలకోసారి కడపకు పోతుంది. అంటే గేమింగ్ ఫోన్ కొని వాట్సాప్ చూసుకున్నట్టు.

పోటీలో ఎవరున్నారు?

ముందు రీబ్యాడ్జ్‌ల సంగతి క్లియర్ చేసుకుందాం. ఒకే ఫోన్ రెండు బ్రాండ్ల పేర్లతో రావడం మనకు కొత్త కాదు కదా. కార్లలోనూ అంతే. మారుతి ఎర్టిగానే టయోటా బ్యాడ్జ్‌తో రూమియన్. హైక్రాస్‌నే మారుతి బ్యాడ్జ్‌తో ఇన్విక్టో. కాబట్టి "టయోటా ఏడు సీట్ల బండి, ఇన్నోవా కంటే చీప్" అని ఎవరైనా రూమియన్ చూపిస్తే, లోపల ఉన్నది ఎర్టిగా అని గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు పోటీదారులు:

ఇన్నోవా క్రిస్టా: 2.4 లీటర్ డీజిల్, 150 పీఎస్, 343 ఎన్‌ఎం టార్క్, 5 స్పీడ్ మాన్యువల్. లారీల లాగా ల్యాడర్ ఫ్రేమ్, వెనక చక్రాల డ్రైవ్.

ఇన్నోవా హైక్రాస్: 2 లీటర్ పెట్రోల్. మామూలు వెర్షన్ ఒకటి, స్ట్రాంగ్ హైబ్రిడ్ వెర్షన్ ఒకటి. కార్ల తరహా మోనోకాక్ బాడీ, ముందు చక్రాల డ్రైవ్. హైబ్రిడ్ కావాలంటే ఎక్స్-షోరూమ్ ధరే దాదాపు 26 లక్షల దగ్గర మొదలవుతుంది.

మారుతి ఎర్టిగా: 1.5 లీటర్ పెట్రోల్, 103 పీఎస్. సీఎన్‌జీ వెర్షన్ కూడా ఉంది. ధర దాదాపు 9 లక్షల నుంచి 13 లక్షల మధ్య.

కియా కారెన్స్, దాని కొత్త రూపం కారెన్స్ క్లావిస్: 1.5 లీటర్‌లో మామూలు పెట్రోల్, టర్బో పెట్రోల్, డీజిల్ మూడూ ఉన్నాయి. డీజిల్ 116 పీఎస్, 250 ఎన్‌ఎం. ఇది మన పక్క జిల్లాలో, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే బండి. కారెన్స్ 2022 ఫిబ్రవరిలో, క్లావిస్ 2025 మేలో వచ్చాయి.

రెనో ట్రైబర్: 1 లీటర్ పెట్రోల్, 72 పీఎస్. పొడవు 3,990 మిల్లీమీటర్లు. ఆ పొడవు యాదృచ్ఛికం కాదు. నాలుగు మీటర్ల లోపు ఉన్న చిన్న ఇంజిన్ బండికి పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీలో ట్రైబర్‌కు 18 శాతమే. ఎర్టిగా, కారెన్స్, ఇన్నోవా మూడూ 40 శాతం గుంపులో ఉన్నాయి.

బండిని మూడో వరుస నుంచి చూడండి

షోరూంకి పోతే అందరం చేసే పని ఒకటే. డ్రైవర్ సీట్లో కూర్చుని స్క్రీన్ నొక్కి చూస్తాం. ఏడు సీట్ల బండికి అది తప్పు టెస్ట్. ఇంట్లో అందరికంటే పొడవైన మనిషిని తీసుకుపోయి మూడో వరుసలో కూర్చోబెట్టండి. పది నిమిషాలు కూర్చోనివ్వండి. ఆ తర్వాత మోకాళ్ళు ఎక్కడున్నాయో చూడండి.

ఈ టెస్టులో హైక్రాస్ ఫస్ట్. వీల్‌బేస్ 2,850 మిల్లీమీటర్లు, ఫ్లోర్ కింద డ్రైవ్ షాఫ్ట్ లేదు, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా కాళ్ళు చాపుకునే వీలుంటుంది. క్రిస్టాలో జాగా ఉంటుంది కానీ ల్యాడర్ ఫ్రేమ్ కాబట్టి ఖాళీగా పోయేటప్పుడు చెడిపోయిన రోడ్డు మీద వెనక సీటు ఎగురుతుంది. కారెన్స్‌లో అయిదున్నర అడుగుల మనిషి రెండు మూడు గంటలు సర్దుకోగలడు. ఎర్టిగాలో గంటన్నర వరకు ఓకే. ట్రైబర్‌లో మూడో వరుస పిల్లలకే. పెద్దోళ్ళను కూర్చోబెడితే కడప దాటేలోపు "ఆపు నాయనా, టీ తాగుదాం" అంటారు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని పాయింట్. అవ్వకు మోకాళ్ళ నొప్పి ఉంటే క్రిస్టా ఎక్కడమే పెద్ద పని. ఫ్లోర్ ఎత్తులో ఉంటుంది కాబట్టి పట్టుకుని పైకి ఎక్కాలి. ఎర్టిగా, కారెన్స్‌లలో సోఫాలో కూర్చున్నంత సులువుగా కూర్చోవచ్చు. ఇంట్లో ముసలివాళ్ళుంటే, ఇక్కడ సగం ధర బండే గెలుస్తుంది. ఈ పాయింట్ ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు.

లగేజీ సంగతి కూడా చూడాలి. మూడో వరుస వాడుతుంటే ఎర్టిగాలో 209 లీటర్లు, కారెన్స్‌లో 216 లీటర్లు, ట్రైబర్‌లో 84 లీటర్లు మిగులుతుంది. 84 లీటర్లంటే రెండు స్కూల్ బ్యాగులు. ఎర్టిగా సీఎన్‌జీ తీసుకుంటే డిక్కీలో సిలిండర్ ఉంటుంది, పెట్టెలన్నీ పైన క్యారియర్ మీదకే. ట్రైబర్‌లో మంచి ఫీచర్ ఏంటంటే మూడో వరుస సీట్లను పూర్తిగా తీసేయొచ్చు, అప్పుడు 625 లీటర్లు వస్తుంది. నలుగురి ఇంటికి అది చాలా పనికొచ్చే డిజైన్.

ఏసీ కూడా వెనక నుంచే టెస్ట్ చేయాలి. మే నెలలో మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలు. మధ్యాహ్నం పన్నెండుకు టెస్ట్ డ్రైవ్ అడగండి, సాయంత్రం వద్దు. మూడో వరుసకు గాలి వస్తోందా, వస్తే ఎంతసేపటికి చల్లబడుతోంది అని చూడండి. ముందు సీట్లో చల్లగా ఉండటం పెద్ద విషయం కాదు.

ఏడుగురు ఎక్కాక ఘాట్ రోడ్డు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడ నుంచి గండికోట, ఇటు ముద్దనూరు, పులివెందుల... ఈ దారుల్లో ఏ బండైనా పోతుంది. అసలు పరీక్ష మూడు చోట్ల. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్. తిరుమల ఎక్కే రెండో ఘాట్ రోడ్డు. ఇంకోటి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ట్యాంకర్లు, నాపరాళ్ళ లారీలు వరసగా పోతుంటే ఓవర్‌టేక్ చేయాల్సిన రెండు లేన్ల రోడ్డు.

ఇక్కడ పీఎస్ కంటే టార్క్ ముఖ్యం. క్రిస్టా 343 ఎన్‌ఎంతో ఏడుగురిని, సామాన్లను లెక్కచేయదు. కారెన్స్ డీజిల్ 250 ఎన్‌ఎం, బండి బరువు కూడా తక్కువ కాబట్టి ఇబ్బంది ఉండదు. ఎర్టిగా 137 ఎన్‌ఎం దగ్గర ఉంటుంది. ఎక్కుతుంది కానీ సెకండ్ గేర్, థర్డ్ గేర్ మధ్య చేతికి పని ఎక్కువ. సీఎన్‌జీలో అయితే పవర్ 88 పీఎస్‌కు పడిపోతుంది, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కితే తేడా బాగా తెలుస్తుంది. ట్రైబర్ 96 ఎన్‌ఎం. ఏడుగురితో గువ్వలచెరువు ఘాట్‌లో లారీని ఓవర్‌టేక్ చేసే ఆలోచన మానుకోవడమే మంచిది.

ఇది సరదా విషయం కాదు. ఎదురుగా బండి వస్తుంటే మీరు రాంగ్ సైడ్‌లో ఎన్ని సెకన్లు ఉంటారు అన్నది ఇంజిన్ సత్తా మీదే ఆధారపడుతుంది. నిండు బండితో రెండు లేన్ల రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవాళ్ళకు డీజిల్ మీద నా ఓటు అందుకే.

హైబ్రిడ్ మైలేజ్ లెక్క: ఎంత నిజం?

హైక్రాస్ హైబ్రిడ్ గురించి అందరూ చెప్పేది మైలేజ్. నిజమే, ఇంత పెద్ద బండికి ఏఆర్ఏఐ లెక్క లీటరుకు 23.24 కిలోమీటర్లు. మామూలు హైక్రాస్ 16.13. ఎర్టిగా మాన్యువల్ 20.51. రోడ్డు మీద అన్నింటికీ ఇంతకంటే తక్కువే వస్తుంది, పోల్చడానికి మాత్రం ఇవి చాలు.

సంవత్సరానికి 12,000 కిలోమీటర్లు తిరిగారు అనుకుందాం. పెట్రోల్ లీటరు 110 రూపాయలు వేసుకుందాం. మామూలు హైక్రాస్‌కు 744 లీటర్లు, హైబ్రిడ్‌కు 516 లీటర్లు. మిగిలేది 228 లీటర్లు, అంటే ఏడాదికి రూ.25,000. ఈ రెండు వెర్షన్ల మధ్య ధర తేడా ఆరు లక్షలు అనుకున్నా, అది తిరిగి రావడానికి 24 ఏళ్ళు పడుతుంది. హైబ్రిడ్ వేరియంట్‌లో అదనపు ఫీచర్లు కూడా వస్తాయి, నిజమే. కానీ "పెట్రోల్ మిగులుతుంది కాబట్టి కొంటున్నాం" అనే మాట మాత్రం నిలబడదు.

ఎర్టిగాతో పోలిస్తే ఇంకా విచిత్రం. ఎర్టిగాకు 585 లీటర్లు, హైబ్రిడ్‌కు 516. తేడా 69 లీటర్లు, ఏడాదికి ఏడున్నర వేలు. దాని కోసం పదమూడు లక్షలు ఎక్కువ పెట్టాలి.

అదే సంవత్సరానికి 50,000 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు లెక్క మారిపోతుంది. మామూలు హైక్రాస్‌తో పోలిస్తే ఏడాదికి లక్ష పైనే మిగులుతుంది, ఆరేళ్ళలో తేడా తిరిగొస్తుంది. హైబ్రిడ్ ఎక్కువ తిరిగేవాళ్ళ కోసం పుట్టింది. నాయన తోట దగ్గర చింతచెట్టు కింద నిలబెట్టే బండికి కాదు.

రీసేల్: శాతం చూడొద్దు, రూపాయలు చూడండి

"ఇన్నోవా కొంటే డబ్బులు ఎక్కడికీ పోవు, అమ్మితే వచ్చేస్తాయి." ఇది మన దగ్గర అందరి నోటా వినిపించే మాట. సగం నిజం. ఇన్నోవా రీసేల్ శాతం నిజంగానే ఎక్కువ. కానీ ఈఎంఐ శాతాల్లో కట్టం, రూపాయల్లో కడతాం.

ఒక ఉదాహరణ వేసుకుందాం. 26 లక్షల హైక్రాస్ హైబ్రిడ్ ఒకటి, 14 లక్షల క్లావిస్ డీజిల్ ఒకటి. ఏడేళ్ళ తర్వాత హైక్రాస్‌కు 55 శాతం వచ్చింది, క్లావిస్‌కు 40 శాతమే వచ్చింది అనుకుందాం. ఇన్నోవాకే అనుకూలంగా వేసిన లెక్క ఇది. హైక్రాస్‌లో పోయింది 11.7 లక్షలు. క్లావిస్‌లో పోయింది 8.4 లక్షలు. శాతంలో ఇన్నోవా గెలిచింది, జేబులోంచి మాత్రం 3.3 లక్షలు ఎక్కువ పోయాయి.

దీనికి వడ్డీ కలపండి. రెండు బండ్ల మధ్య 12 లక్షల తేడాలో రెండు లక్షలు చేతి నుంచి పెట్టి, పది లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్ళకు అప్పు తీసుకుంటే నెలకు ఈఎంఐ దాదాపు రూ.20,760. మొత్తం వడ్డీ దాదాపు 2.45 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ ట్యాక్స్ బండి ధర మీద శాతంగా కడతాం కాబట్టి ఖరీదు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఇన్సూరెన్సూ అంతే. ఆ రెండింటి తేడాకు ఇంకో రెండు లక్షలు వేసుకోండి. అన్నీ కలిపితే 7.75 లక్షలు. ఏడేళ్ళకు భాగిస్తే సంవత్సరానికి లక్షా పది వేలు.

ఇదే ఇన్నోవా తరుగు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఆ లక్షా పది వేలకు బదులుగా మనకు ఏం వస్తోంది?

పదకొండు ట్రిప్పుల రూల్

మన ఊళ్ళలో ఇన్నోవా అద్దెకు దొరకడం కష్టం కాదు. కిలోమీటరుకు 20 రూపాయలు వేసుకుందాం. ప్రొద్దుటూరు నుంచి తిరుమలకు పోయి రావడం నాలుగు వందల కిలోమీటర్లు. ఎనిమిది వేలు బాడుగ, డ్రైవర్ బత్తా, టోల్ కలిపి పది వేలు. లక్షా పది వేలకు ఇలాంటి ట్రిప్పులు పదకొండు వస్తాయి. అద్దె బండిలో డీజిల్ కూడా వాళ్ళదే. సొంత బండికి అది మన ఖర్చు. అంటే నిజానికి పదకొండు కంటే ఎక్కువే వస్తాయి. పైగా డ్రైవింగ్ బాధ లేదు, నాయన కూడా వెనక సీట్లో నిద్రపోవచ్చు.

కాబట్టి రూల్ సింపుల్. ఏడుగురు పెద్దోళ్ళు కలిసి నెలకు ఒక్కసారైనా దూర ప్రయాణం పోతారా? పోతే ఇన్నోవా మీ ఇంటికి సరైన బండే, ధైర్యంగా కొనండి. పోకపోతే మీరు వాడని సీట్లకు వడ్డీ కడుతున్నారు.

మన ఇళ్ళలో నిజంగా ఎన్నిసార్లు ఏడు సీట్లూ నిండుతాయో క్యాలెండర్ పెట్టుకుని లెక్కపెట్టండి. దసరాకు ప్రొద్దుటూరు అమ్మవారి శాలకు చుట్టాలొస్తారు, ఒకసారి. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గరికి, ఒకసారి లేదా రెండుసార్లు. సంక్రాంతికి బెంగళూరు నుంచి పిల్లలొచ్చాక గండికోట, ఒకసారి. తిరుమల ఒకసారి. పెళ్ళిళ్ళు రెండో మూడో. చాలా ఇళ్ళకు ఏడెనిమిది దాటదు. అందులోనూ సగం ట్రిప్పులు యాభై కిలోమీటర్ల లోపువే, వాటికి ఎర్టిగా మూడో వరుస కూడా చాలు.

"బాడుగ బండి మనది కాదు కదా, రాత్రి పన్నెండుకు ఎవరికైనా బాగలేకపోతే ఏం చేస్తావు?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ రాత్రి ఆసుపత్రికి పోయేది ముగ్గురు నలుగురు. దానికి ఇంట్లో ఏ బండి ఉన్నా చాలు, ఇన్నోవానే కానక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఉంది, ఎవరూ పైకి అనరు కానీ అదే అసలు కారణం: "ఇన్నోవా అయితే నలుగురిలో మర్యాద." మర్యాదకు విలువ లేదని నేను అనను. పెళ్ళి సంబంధాల టైంలో ఇంటి ముందు ఏ బండి ఉందో చూసేవాళ్ళు ఉన్నారు. కానీ ఆ మర్యాదకు నెలకు ఇరవై వేలు ఎవరు కడుతున్నారు? ఇరవై అయిదేళ్ళ అబ్బాయో అమ్మాయో. ఇంట్లో కూర్చుని ఆ అంకె పైకి చెప్పండి. ఏ నాయనైనా అంకె విన్నాక ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

కానీ ఇక్కడ మాత్రం పొదుపు వద్దు

ఇప్పటిదాకా చవక బండ్ల వైపే మాట్లాడాను. ఇప్పుడు వాటి అసలు లోపం. సేఫ్టీ.

ఎర్టిగా 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో పెద్దల రక్షణకు ఒక్క స్టార్ తెచ్చుకుంది. బాడీ షెల్ నిలకడగా లేదని కూడా ఆ సంస్థ చెప్పింది. ఆ టెస్ట్ రెండు ఎయిర్‌బ్యాగుల బండి మీద జరిగింది. 2025లో మారుతి అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చింది. అది మంచి మార్పే. కానీ ఫోన్‌కు మంచి కేస్ వేసినంత మాత్రాన లోపలి ఫ్రేమ్ గట్టిపడదు కదా. ఎయిర్‌బ్యాగులు పెరిగితే బాడీ షెల్ బలం తనంతట తాను పెరగదు.

కారెన్స్‌కు 2024 టెస్టుల్లో, అప్పటి కొత్త బండ్లకు పెద్దల రక్షణలో మూడు స్టార్లు, పిల్లల రక్షణలో అయిదు వచ్చాయి. హైక్రాస్‌కు 2025లో భారత్ ఎన్‌క్యాప్ అయిదు స్టార్లు ఇచ్చింది. ట్రైబర్‌కు 2021లో నాలుగు స్టార్లు వచ్చిన మాట నిజమే కానీ ఆ తర్వాత గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్ట్ రూల్స్ కఠినమయ్యాయి. పాత స్టార్లను కొత్త స్టార్లతో నేరుగా పోల్చకూడదు. పాత ఆండ్రాయిడ్ వెర్షన్‌లోని బెంచ్‌మార్క్ స్కోరును కొత్తదానితో పోల్చినట్టు అవుతుంది.

ఇక్కడ ఇన్నోవా వాదనకు నిజమైన బలం ఉంది. "పరువు కోసం" అనే మాటను నేను ఒప్పుకోను, "పిల్లల కోసం హైక్రాస్" అంటే మాత్రం వాదించను. అదే సమయంలో, అయిదు స్టార్ల బండిలో తొమ్మిది మంది ఎక్కి, వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోకుండా, చంటిబిడ్డను ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుని పోతే ఆ స్టార్లకు అర్థం లేదు. మన రోడ్ల మీద రోజూ కనిపించే దృశ్యమే ఇది. క్రాష్ టెస్టులో బొమ్మలన్నీ బెల్టు పెట్టుకునే ఉంటాయి. కాబట్టి ఏ బండి కొన్నా మూడో వరుస బెల్టులు సీటు కిందకు దూరిపోకుండా బయటికి తీసి ఉంచండి. చిన్నపిల్లలకు చైల్డ్ సీటు కొనండి. అదనంగా పెట్టే ఈ కొద్ది డబ్బుకు మించిన అప్‌గ్రేడ్ ఇంకోటి లేదు.

స్క్రీన్లు, అడాస్, కరెంటు బండి

మన సైట్ చదివేవాళ్ళకు ఇష్టమైన సెక్షన్ ఇదే కాబట్టి క్లుప్తంగా చెప్తా. క్లావిస్ పై వేరియంట్లలో లెవెల్ 2 అడాస్ ఉంది, హైక్రాస్ టాప్ వేరియంట్‌లోనూ ఉంది. హైవే మీద ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ పనికొస్తుంది. లేన్ అసిస్ట్ మాత్రం గీతలుంటేనే పనిచేస్తుంది. ముద్దనూరు దాటాక రోడ్డు మధ్యలో గొర్రెల మంద అడ్డం వస్తే లేన్ అసిస్ట్ ఏం చేస్తుంది? అడాస్ కోసమే రెండు లక్షలు ఎక్కువ పెట్టి టాప్ వేరియంట్‌కు పోవద్దు. వెనక కెమెరా, ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ ఉన్న మధ్య వేరియంట్ చాలు. పెద్ద స్క్రీన్ రెండేళ్ళలో పాతబడుతుంది, ఆండ్రాయిడ్ ఆటో ఉంటే మీ ఫోనే స్క్రీన్.

క్లావిస్ ఈవీ కూడా ఉంది. 42, 51.4 కిలోవాట్ అవర్ బ్యాటరీలు, పెద్దదానికి కంపెనీ చెప్పే రేంజ్ 490 కిలోమీటర్లు, లాంచ్ ధర రూ.17.99 లక్షల నుంచి. ఈవీలకు జీఎస్టీ 5 శాతమే కావడం ప్లస్. రోజూ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య అప్ అండ్ డౌన్ చేసేవాళ్ళకు, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే ఇది సీరియస్‌గా ఆలోచించాల్సిన ఆప్షన్. ఏడుగురితో ఏసీ వేసుకుని తిరుమల పోయి రావాలంటే మాత్రం దారిలో ఛార్జింగ్ ఎక్కడ అని ముందే ప్లాన్ చేసుకోవాలి.

ఏది కొన్నా ముందు ఒకటి కనుక్కోండి: ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ మీ ఊర్లో ఉందా, కడప దాకా పోవాలా? సర్వీసుకు పోయిన ప్రతిసారీ నాయన ఒక రోజు అంగడి మూసుకోవాల్సి వస్తే అది కూడా ఖర్చే.

మరి ఎవరు ఏది కొనాలి?

నలుగురి ఇల్లు, అప్పుడప్పుడు ఇద్దరు పిల్లలు తోడవుతారు, ఊరు దాటేది తక్కువ: ట్రైబర్. ఘాట్ రోడ్లకు నిండు బండితో పోవద్దు.

అయిదారుగురు, ఎక్కువగా పట్టణంలోనే, సులువైన సర్వీసు, మంచి మైలేజ్ కావాలి: ఎర్టిగా, ఆరు ఎయిర్‌బ్యాగులున్న కొత్తదే. పాత స్టాక్ డిస్కౌంట్‌లో ఇస్తామంటే ఎయిర్‌బ్యాగులు ఎన్నో అడగండి. క్రాష్ టెస్ట్ సంగతి తెలిసి కొనండి.

ఇంట్లో ముసలివాళ్ళున్నారు, నెలకు రెండు మూడుసార్లు కడప, అప్పుడప్పుడు బెంగళూరు, తిరుమల: క్లావిస్ డీజిల్ మధ్య వేరియంట్. ఈ మూడు ఊళ్ళలో ఎక్కువ ఇళ్ళకు నా సలహా ఇదే.

ఉమ్మడి కుటుంబం, ఏడుగురు నెలకోసారైనా దూరం పోతారు, లేదా సంవత్సరానికి ముప్పై వేల కిలోమీటర్లు పైన తిరుగుతారు: ఇన్నోవా. సేఫ్టీ, మూడో వరుస ముఖ్యమైతే హైక్రాస్. బరువు, చెడిపోయిన రోడ్లు, డీజిల్ ముఖ్యమైతే క్రిస్టా.

సెకండ్ హ్యాండ్ క్రిస్టా ఆలోచన ఉంటే మీటర్ రీడింగ్ నమ్మొద్దు. సర్వీస్ హిస్టరీ అడగండి, ఆర్సీలో ముందు ట్యాక్సీగా ఉందేమో చూడండి, మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోండి.

చివరగా ఈఎంఐ కట్టే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఇంట్లో "వద్దు" అని చెప్పడం కష్టం, నాకు అర్థమవుతుంది. వద్దని చెప్పకండి. ఈ సంవత్సరం ఏడు సీట్లూ ఎన్నిసార్లు నిండాయో నాయనతో కలిసి కాగితం మీద రాయండి. పక్కన లక్షా పది వేలు అని రాయండి. ఆ రెండు అంకెలూ చూశాక కూడా ఇన్నోవానే కావాలంటే సంతోషంగా కొనండి. అప్పుడు మీరు తరుగు తెలిసి కొన్నట్టు.